నీలి వేద్దామనుకునే రైతులకి ఒక మాట



పోయిన ఆదివారం నుంచి నాకు ఫోన్లు ఎక్కువయినాయి. అందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, నీలి వేయమంటుండారు, వేద్దామా వద్దా?" ఒక్కొక్కరికి విడిగా చెప్పడం కుదరక ఇక్కడ రాస్తుండా. పోస్టు పెద్దదే. కోతలు అయిపోయినాయి, ఎడగారుకి సోమశిల నీళ్ళు వదుల్తారో లేదో ఇంకా తేల్లేదు. కాబట్టి చదివే తీరిక ఉంటుందనే అనుకుంటుండా.

సంగతి తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. ఇద్దరు మనుషులు కారులో వచ్చి టీ అంగడి దగ్గర పదిమంది రైతుల్ని కూర్చోబెట్టి మాట్లాడారు. చెట్ల ఆకులతో గుడ్డలకి రంగులేసే పనికి విదేశాల్లో మంచి గిరాకీ వచ్చిందంట. మనం నీలి పండిస్తే పచ్చాకు టన్ను లెక్కన వాళ్ళే కొంటారంట. విత్తనం కూడా వాళ్ళే ఇస్తారంట, దానికి డబ్బు మాత్రం ముందే కట్టాలంట. మందుల ఖర్చు లేదు, నీళ్ళు పెద్దగా అక్కర్లేదు. అయితే ఒక్కో రైతు రెండెకరాలకి తగ్గకుండా వేయాలంట.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. రంగుల పని మంచిదే. నీలి మంచి పైరే. కానీ పచ్చాకు అమ్ముకునే రైతుగా మాత్రం ఆ పనిలోకి దిగొద్దు. దిగితే రంగు తీసే తొట్టి మన చేతిలో పెట్టుకొని దిగాలి. అదీ పది సెంట్లతో మొదలుపెట్టాలి. ఎందుకో చెప్తా.

ఈ రంగుల సంగతి నీకెట్టా తెలుసని అడగొచ్చు. మా ఇంట్లోనే తెలిసింది. పోయిన సంవత్సరం మా ఇంటామె, వాళ్ళ పొదుపు గ్రూపులో ఇంకో ముగ్గురు కలిసి నెల్లూరులో రెండు రోజులు శిక్షణకి పోయొచ్చారు. ఆకులతో స్కార్ఫుల మీద అచ్చులేయడం నేర్పించారంట. నేను నవ్వినా. "ఆకులు మేకలకి వేస్తారు గానీ గుడ్డలకి వేస్తారా" అన్నా. ఆమె ఏం మాట్లాడలేదు. దొడ్లో టేకు చిగురు తుంచి నా అరచేతిలో పెట్టి రుద్దమనింది. చెయ్యంతా ఎర్రగా అయింది. చిన్నప్పుడు మనమందరం చేసిన పనే అది. గోరింటాకు లేకపోతే టేకు చిగురు నలిపి ఎర్రగా పండిందని చూపించుకునేవాళ్ళం. ఆ రంగే గుడ్డకి పడుతుంది, అంతే.

అయితే ఆకు తెచ్చి గుడ్డకి రుద్దితే రంగు నిలవదు. ఒక్క ఉతుకుకి పోతుంది. పని ఎట్టా ఉంటుందో చెప్తా, వినండి.

ముందు గుడ్డకి ఉన్న గంజి, జిడ్డు పూర్తిగా పోవాలి. సబ్బు, సోడా వేసి ఉడకబెట్టి ఉతకాలి. తర్వాత కరక్కాయ పొడి నానబెట్టిన నీళ్ళలో ముంచి ఆరేయాలి. ఆ తర్వాత పటిక నీళ్ళలో ముంచాలి. కరక్కాయలో ఉండే వగరే రంగుని పట్టుకొనేది. పటిక ఆ రంగుని గుడ్డకి కట్టేస్తుంది. పటిక బదులు ఇనుము నీళ్ళు వాడితే రంగు ముదురుతుంది. తుప్పు పట్టిన మేకులు, లాడాలు, బెల్లం కలిపి కుండలో పులియబెడితే నల్లటి నీళ్ళు వస్తాయి. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు నల్ల గీతలకి వాడే కసిమి ఇదే. వాళ్ళు కరక్కాయలో గేదె పాలు కూడా కలుపుతారు, గీసిన గీత పక్కకి పాకకుండా.

తడి గుడ్డ మీద ఆకులు పరచాలి. గుడ్డని కర్రకి గట్టిగా చుట్టి తాడుతో బిగించాలి. ఆవిరి మీద రెండు గంటలు ఉడకబెట్టాలి. చల్లారాక విప్పితే ఆకు అచ్చు, ఈనెలతో సహా గుడ్డ మీద పడి ఉంటుంది. టేకు చిగురు ఎరుపు వంకాయరంగు మధ్యలో ఏదో ఒకటి ఇస్తుంది. జామాకు ఇనుము నీళ్ళతో బూడిద రంగు, నలుపు ఇస్తుంది. జామాయిల్ ఆకు పట్టుగుడ్డ మీద ఇటుక రంగు ఇస్తుంది. దానిమ్మ తొక్క, బంతి పువ్వు పసుపు. ఉల్లి తొక్క తేనె రంగు. ఇవన్నీ మన దొడ్లో, మన గట్ల మీద ఉండేవే. ఒక్క జాగ్రత్త, దీనికి వాడిన గిన్నెలో మళ్ళీ అన్నం వండొద్దు. పాత గిన్నె ఒకటి దీనికే పెట్టుకోండి.

ఈ ఆకుల అచ్చుకి బయట దేశాల్లో పేరు తెచ్చిన వాళ్ళలో ఇండియా ఫ్లింట్ అని ఆస్ట్రేలియా ఆవిడ ఒకరు. ఆమె జామాయిల్ ఆకులతోనే ఎక్కువ చేసింది. జామాయిల్ వాళ్ళ దేశపు చెట్టే. మనం దాన్ని కాగితం మిల్లుకి టన్నుల్లెక్కన తోలతాం. ఆ ఆకుని గుడ్డ మీద పరిచి ఆమె ప్రపంచానికి నేర్పింది. ఇది మీరు గుర్తు పెట్టుకోండి, మళ్ళీ ఈ మాటకే వస్తా.

ఇప్పుడు మావాళ్ళ లెక్క. దాచుకోకుండా చెప్తా. మొదటి దఫా 24 నూలు స్కార్ఫులు తెచ్చారు, ఒక్కోటి 180 రూపాయలు. మొత్తం 4,320. కరక్కాయ, పటిక, గ్యాసు అన్నీ కలిపి ఇంకో 650. అందులో ఏడు పాడయినాయి. గంజి సరిగ్గా పోలేదు, కొన్ని వేడి మీదనే విప్పేశారు. ఇనుము నీళ్ళు ఎక్కువైన రెండు గుడ్డలు మడత దగ్గర చినిగినాయి. ఇనుము ఎక్కువైతే గుడ్డని తినేస్తుంది. మూడు చుట్టాలకి ఇచ్చుకున్నారు. మిగిలిన 14 ఒక్కోటి 500కి అమ్మారు, 7,000 వచ్చింది. ఖర్చు పోను 2,030. నలుగురు ఆడోళ్ళు ఆరు రోజులు చేశారు. అంటే మనిషికి రోజుకి 85 రూపాయలు కూడా పడలేదు. కలుపు తీతకి పోయినా అంతకంటే ఎక్కువే వస్తుంది.

రెండో దఫా కూడా 24. బోరు నీళ్ళు మానేసి కాలవ నీళ్ళు వాడారు. మన సముద్రం వైపు బోర్లు ఉప్పన కదా, ఆ నీళ్ళతో రంగు మారిపోతుంది. ఈసారి రెండే పాడయినాయి. 22 అమ్మితే 11,000. ఖర్చులు పోను 6,030. పని నాలుగు రోజుల్లో అయింది. మనిషికి రోజుకి 376 రూపాయలు. అన్నీ అమ్ముడుపోవడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

నేను ఆ లెక్క చూసి, "ఆకు ఊరికే వస్తుంది కదా, 350కి ఇస్తే తొందరగా పోతాయి" అన్నా. దానికి మా ఇంటామె అనిన మాట మీకు చెప్పాలి. "ఆకు ఊరికే వచ్చిందని రేటు తగ్గిస్తే మా చేతుల కూలి ఎవరిస్తారయ్యా? నువ్వు వడ్లు అమ్మేటప్పుడు వాన ఊరికే పడిందని పుట్టికి వెయ్యి తగ్గిస్తావా?"

నాకు నోట మాట రాలేదు. ముప్పై ఏళ్ళుగా సేద్యం చేస్తుండా, నా సొంత కూలి ఎప్పుడూ లెక్కలో వేసుకోలేదు. వాళ్ళు మొదటి సంవత్సరమే వేసుకున్నారు.

ఇక నీలి సంగతికి వస్తా. ఆకుల అచ్చు వేరు, నీలి వేరు. చెట్లలో పసుపు, గోధుమ, బూడిద రంగులు ఎన్నిటి నుంచైనా వస్తాయి. నిలిచే నీలం మాత్రం మన దగ్గర నీలి మొక్క నుంచే రావాలి. అందుకే దానికి అంత విలువ. అది జీలుగ, జనుము, పిల్లిపెసర లాగా కాయజాతి పైరు. వేళ్ళకి బుడిపెలు ఉంటాయి, భూమికి మేలు చేస్తుంది. నీళ్ళు నిలబడితే మాత్రం చస్తుంది. విత్తిన మూడు నెలలకి, పూత దశలో మొదటి కోత వస్తుంది. మళ్ళీ చిగురిస్తే ఇంకో కోత, రెండు కోతలు. వెంపలి మొక్క చూసి ఇదే నీలి అనుకునేవాళ్ళు ఉండారు. అది వేరు. విత్తనం తీసుకునేటప్పుడు తెలిసినవాళ్ళకి చూపించండి.

రంగు ఎట్టా వస్తుందంటే, పచ్చాకుని కొమ్మలతో సహా తొట్టిలో వేసి నీళ్ళు పెట్టి రాత్రంతా నానబెడతారు. నీళ్ళు పసుపు పచ్చగా అవుతాయి. ఆ నీళ్ళని రెండో తొట్టిలోకి వదిలి కర్రలతో బాగా చిలకాలి. గాలి తగిలే కొద్దీ నీలంగా మారి నురగ వస్తుంది. సున్నం తేట కొంచెం కలిపితే నీలం అడుగుకి దిగుతుంది. పై నీళ్ళు తీసేసి, అడుగున ఉన్న ముద్దని కాచి, వడగట్టి, పిండి, నీడలో ఆరబెడితే నీలిమందు. వంద కిలోల పచ్చాకు నానబెట్టినా వచ్చేది కిలో లోపలే, కొన్ని వందల గ్రాములు.

ఇక్కడే అసలు విషయం ఉంది. పచ్చాకు కోసిన రోజే తొట్టిలో పడాలి. ఎండకి వాడినా, కుప్పలో వేడెక్కినా రంగు పోతుంది. దాని ఆయుష్షు ఒక్క రోజు. నీలిమందు ముద్ద మాత్రం ఏళ్ళ తరబడి చెడదు. కొట్టంలో మూట కట్టి పెట్టుకోవచ్చు.

చెరుకు వేసిన వాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. కోసిన చెరుకు బండిలో పెట్టుకొని గేటు దగ్గర నిలబడ్డ రైతు బేరం ఆడగలడా? ఎండే కొద్దీ తూకం తగ్గుతుంటే ఏ రేటు చెప్పినా ఒప్పుకోవాల్సిందే. నీలాకు అంతకంటే ఘోరం. లారీ సాయంత్రం రాకపోతే పొద్దునకి అది పేడకుప్పే. ఆ లారీ వాళ్ళది, తూకం వాళ్ళది, తొట్టి వాళ్ళది. మనకి మిగిలేది మొద్దులు, బాకీ.

ఇంకో నష్టం కూడా ఉంది. రంగు దిగిపోయిన కొమ్మ, ఆకు మంచి ఎరువు. బీహార్ వైపు దాన్ని సీత్ అనేవాళ్ళు, పొలాలకి తోలుకునేవాళ్ళు. తొట్టి మన ఊళ్ళో ఉంటే అది మన చేలోకే పోతుంది. పచ్చాకు లారీ ఎక్కిస్తే మన భూమి సారం కూడా లారీ ఎక్కుతుంది.

ఇదంతా నేను ఊహించి చెప్పే మాట కాదు. ఒకసారి జరిగిందే. చంపారన్ పేరు అందరం చదువుకున్నాం. అక్కడ రైతు ప్రతి 20 కఠాల్లో 3 కఠాలు దొరల కోసం నీలి వేయాలి. తీన్ కఠియా అనేవాళ్ళు. ఏ చేలో వేయాలో దొర చెప్తాడు, రేటు దొర చెప్తాడు. 1897లో జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ ఫ్యాక్టరీలో చేసిన నీలం బజారుకి తెచ్చింది. చెట్టు నీలి ధర పడిపోయింది. అప్పుడు దొరలు ఏం చేశారు? నీలి వేయక్కర్లేదు పొమ్మన్నారు, కానీ అట్టా వదిలిపెట్టినందుకు శిస్తు పెంచారు, నగదు గుంజారు. లాభం ఉన్నప్పుడు దొరకి, నష్టం వచ్చినప్పుడు రైతుకి. 1917లో గాంధీ గారు అక్కడికి పోయి రైతుల వాంగ్మూలాలు వేలల్లో రాయించిన తర్వాత, 1918 చట్టంతో ఆ పద్ధతి పోయింది.

ఆ గాంధీ గారే 1921 ఏప్రిల్ 7న మన పెన్న అవతల పల్లిపాడు వచ్చి పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం తెరిచారు. పొణకా కనకమ్మ గారు భూమి ఇచ్చిన ఆశ్రమం. మన పిలకాయలు బడి నుంచి చూడబోతుంటారు. చంపారన్ ఎక్కడో బీహార్లో ఉన్న సంగతి అనుకోవద్దు, ఆ పాఠం పెన్న గట్టు దాకా వచ్చింది.

మన నెల్లూరు జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలో నీలి పండించిన జిల్లాల్లో ఒకటి. కడప నీలికి ఇంకా పెద్ద పేరు. మన వైపు దొరల తోటలు తక్కువ. ఊళ్ళలో చిన్న చిన్న నీలితొట్లు ఎక్కువ. జర్మనీ నీలం వచ్చినప్పుడు మన తొట్లు కూడా ఎండిపోయినాయి, నిజమే. తొట్టి మన చేతిలో ఉంటే నష్టమే రాదని నేను అనను. కానీ ధర పడినప్పుడు మానేసి ఇంకో పైరు వేసుకునే స్వేచ్ఛ మనకి ఉంటుంది. చంపారన్ రైతుకి మానుకోవడానికి కూడా డబ్బు కట్టాల్సి వచ్చింది.

నీలం ఒక్కటే కాదు. ఎర్ర రంగు కూడా మన కోస్తాదే. చిరివేరు అని ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క, దాని వేరు నుంచి మంచి ఎరుపు వచ్చేది. మచిలీపట్నం, నిజాంపట్నం గుడ్డలకి పేరు తెచ్చింది ఆ ఎరుపే. 1605, 1606 సంవత్సరాల్లో డచ్చి వాళ్ళు ఆ రెండు చోట్లా వచ్చి కూర్చుంది ఆ గుడ్డల కోసమే. 1869లో చిరివేరులో ఉండే ఎరుపునే ఫ్యాక్టరీలో చేయడం కనిపెట్టారు. వేరు తవ్వేవాళ్ళ పని పోయింది.

ఇంకో మాట చెప్పాలి. ఈ కోస్తా నుంచి నీలం అద్దిన ముతక గుడ్డలు సలెంపూరు అనే పేరుతో ఓడలెక్కి వెస్టిండీస్ పోయేవి. అక్కడి చెరుకు తోటల్లో బానిసలకి కట్టించడానికి. నేసినవాడికి, అద్దినవాడికి అది ఎవరు కడతారో తెలియదు. కట్టినవాడికి ఎవరు చేశారో తెలియదు. మధ్యలో కొన్నవాడికే అన్నీ తెలుసు. లాభం కూడా ఎప్పుడూ వాడిదే. మన సరుకు ఎక్కడికి పోతుందో మనకి తెలియకపోతే మన ధర మన చేతిలో ఉండదు.

సరే, పాత కథలు ఎందుకు అంటారా? కొత్త కథలు కూడా మనకి కొదవలేదు. తొంభైల్లో టైగర్ రొయ్య అని ఎంతమంది కయ్యలు తవ్వి గుంటలు చేశారో మర్చిపోయినామా? తెల్లమచ్చ తెగులు వచ్చి రాత్రికి రాత్రి గుంటలు తేలిపోయినప్పుడు విత్తనం అమ్మినవాడు నష్టపోయినాడా, మేత అమ్మినవాడు నష్టపోయినాడా? తర్వాత కలబంద అన్నారు, సఫేద్ ముస్లీ అన్నారు, అడవి ఆముదం అన్నారు. కలబంద నేను కూడా వేశా, అర ఎకరా. మొక్కలు అమ్మిన వాళ్ళే ఆకు కొంటామని చెప్పారు. పంట వచ్చే నాటికి ఫోను స్విచ్ ఆఫ్. చివరికి ట్రాక్టరు పెట్టి దున్నేసినా. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే, ఇందులో దాచేదేమీ లేదు. ఆ రోజు మా ఇంటామె వద్దనింది, నేను వినలేదు. అందుకే ఇప్పుడు ఇంత పెద్ద పోస్టు రాస్తుండా.

టీ అంగడి దగ్గర వాళ్ళని నేను నాలుగే నాలుగు ప్రశ్నలు అడిగా. రేటు కాగితం మీద రాసిస్తారా? తూకం ఎక్కడ, ఎవరి కాటా మీద? కోసిన రోజు లారీ రాకపోతే నష్టం ఎవరిది? డబ్బు ఎన్నాళ్ళకి? నాలుగింటికీ ఒకటే సమాధానం, "నమ్మకం మీద నడిచే వ్యాపారం అన్నా ఇది." నమ్మకం మీద అయితే విత్తనం డబ్బు ముందే ఎందుకు కట్టాలి? మా మీద మీకు నమ్మకం లేదా? దానికి సమాధానం లేదు. వాళ్ళు మోసగాళ్ళని నేను అనడం లేదు. మంచోళ్ళే కావచ్చు. కానీ మంచోళ్ళతో కూడా కాగితం రాసుకోవడం తప్పు కాదు.

మరి ఏం చేయాలి? వద్దు అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. నాకు తోచింది చెప్తా.

మొదటిది, పది సెంట్లు. ఆసక్తి ఉన్న నలుగురైదుగురు తలా పది సెంట్లు, మురుగు దిగే మెరక నేలలో నీలి వేద్దాం. వరి కయ్యల్లో వద్దు. విఫలమైతే పచ్చిరొట్ట లాగా కలియదున్నేస్తాం, జీలుగ వేసినట్టే లెక్క. భూమికి నష్టం లేదు.

రెండోది, తొట్టి. సిమెంటు తొట్లు ఇప్పుడే కట్టొద్దు. పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములు మూడు చాలు. ఒకేసారి అంతా కోయకుండా రోజుకి ఇంత అని కోసి నానబెట్టాలి. తీసిన ముద్దని ఆరబెట్టి దాచుకోవాలి. ధర నచ్చితే అమ్ముతాం, నచ్చకపోతే కొట్టంలో ఉంటుంది. ఆ మాట అనగలిగితే రైతు సగం గెలిచినట్టే.

మూడోది, గుడ్డ. ముద్ద అమ్మే దానికంటే గుడ్డకి అద్ది అమ్మితే ఇంకా మేలు. నీలికి పాత పద్ధతిలో తొట్టి కట్టడం మన వైపు తెలిసిన విద్యే. తగిరిస గింజలు ఉడకబెట్టి, సున్నం, చౌడు మట్టి తేట కలిపి పులియబెట్టేవాళ్ళు. అందులో ముంచిన గుడ్డ బయటికి తీసేటప్పుడు పచ్చగా ఉంటుంది, గాలికి కళ్ళ ముందే నీలం అవుతుంది. కోవూరు పక్కన పాటూరులో మగ్గాలు ఉండాయి. వెంకటగిరి మన దగ్గరే. నూలు వాళ్ళది, రంగు మనది అని కలిసి మాట్లాడుకోవచ్చు. నేతపని వాళ్ళు కూడా మనలాగే మధ్య దళారీ దెబ్బ తిన్నవాళ్ళే, మన మాట వాళ్ళకి అర్థమవుతుంది.

నాలుగోది, నిజం. ఇది అన్నిటికంటే ముఖ్యం. చెట్టు రంగు అని చెప్పి ప్యాకెట్ రంగు కలిపితే ఒక్కసారి అమ్ముకుంటాం, రెండోసారి ఎవరూ రారు. పెడనలో అచ్చు కలంకారీ చేసేవాళ్ళని అడగండి, కలంకారీ పేరు పెట్టి యంత్రాల మీద స్క్రీన్ ప్రింట్ చేసిన చీరలు వాళ్ళ పొట్ట ఎంత కొట్టాయో చెప్తారు. ఇంకో మోసం కూడా ఉంది. ఆకు చెట్టుదే కానీ, రంగు పట్టడానికి మైలుతుత్తం, క్రోమ్ ఉప్పు వాడతారు. ఆ నీళ్ళు కాలవలో పోస్తే చేపలు చస్తాయి. దానికి సహజం అని పేరు పెట్టడం నాకు ఒప్పు కాదు. పటిక, ఇనుము చాలు. ఇంకా నిజాయితీగా చెప్పాలంటే, చెట్టు నుంచి వచ్చిన ప్రతి రంగూ నిలవదు. పసుపు కొమ్ముతో వేసిన రంగు ఎండకి వెలిసిపోతుంది. అది కొనేవాళ్ళకి ముందే చెప్పాలి. నీడలో ఆరేయండి, సర్ఫు ఎక్కువ వేయొద్దు అని చీటీ రాసి పెట్టాలి. మావాళ్ళు ఇప్పుడు ఆ చీటీ పెడుతుండారు.

ఫ్యాక్టరీ రంగులన్నీ విషమని కూడా నేను చెప్పను. మన చొక్కాలు, పంచెల అంచులు అన్నీ ఆ రంగులే. కానీ కొన్ని అజో రంగులు శరీరానికి హాని చేస్తాయని 1994లో జర్మనీ ఆపింది. ఫ్యాక్టరీ నీలం పుట్టిన దేశమే అది. ఆ తర్వాత మన దేశంలో కూడా ఆ రకం రంగులు నిషేధించారు. ఈ పాత రంగులకి మళ్ళీ గిరాకీ రావడానికి అదొక కారణం.

చెట్టు రంగులు ఊళ్ళోనే పెట్టుకొని బతికిన ఊరు ఉందా అంటే, ఉంది. అనకాపల్లి జిల్లాలో ఏటికొప్పాక. అంకుడు కర్ర బొమ్మల ఊరు. అక్కడ సి.వి.రాజు గారు వృత్తిదారులతో కలిసి ఆకులు, వేళ్ళు, గింజల నుంచి రంగులు తీసి లక్కలో కలిపే పద్ధతిని మళ్ళీ తెచ్చారు. పిల్లలు నోట్లో పెట్టుకున్నా హాని లేని బొమ్మలు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. అక్కడ వాళ్ళు అంకుడు కర్ర లారీకి ఎత్తి పంపలేదు. బొమ్మ చేసి పంపారు. తేడా అంతా అక్కడే ఉంది.

ఇందాక జామాయిల్ గురించి గుర్తు పెట్టుకోమన్నా కదా. మనం జామాయిల్, సరుగుడు టన్నుల్లో తోలి టన్ను రేటు కోసం ఎదురు చూస్తాం. సరుగుడు చెక్కలో కూడా రంగు ఉంది. నైలాన్ రాకముందు మన పల్లెపాళేల్లో నూలు వలలని చెట్టు చెక్కల రసంలో వేసి రంగు పట్టించేవాళ్ళు, ఉప్పు నీళ్ళకి వల తొందరగా కుళ్ళకుండా. పెద్దవాళ్ళు ఎవరన్నా ఉంటే అడగండి, చెప్తారు. మన చుట్టూ ఉన్నదాని విలువ మనకి తెలియక కాదు, దాన్ని సరుకుగా మార్చే చివరి పని మనం ఎప్పుడూ వేరేవాళ్ళకి వదిలేస్తుండాం. వడ్లు అమ్ముతాం, బియ్యం కొంటాం. నీలి దగ్గర కూడా అదే తప్పు చేయొద్దనేదే నా బాధ.

కొంతమంది అన్న మాటలకి కూడా సమాధానం చెప్తా. "ఇది ఆడోళ్ళ పని, దీంతో ఎకరాలు బతుకుతాయా?" బతకవు. వరి వరే, సరుగుడు సరుగుడే. దీన్ని నమ్ముకొని వరి మానేయమని నేను చెప్పడం లేదు. కానీ నెలకి నాలుగైదు వేలు ఇంట్లో ఆడోళ్ళ చేతికి వస్తే ఎరువుల అంగట్లో మన అప్పు అంత మేర తగ్గుతుంది. ఇంకో మాట, ఆ డబ్బు వాళ్ళ ఖాతాలోనే ఉండాలి. మొదటి దఫా డబ్బులు నేను యూరియాకి అడిగినా. ఇవ్వలేదు. ఆ డబ్బుతోనే రెండో దఫా గుడ్డలు తెచ్చారు. ఇచ్చి ఉంటే పని అక్కడితో ఆగిపోయేది.

"కొనేవాడు ఎవడు?" ఇది నిజమైన ప్రశ్న. 22 స్కార్ఫులకి రెండు నెలలు పట్టిందని పైన చెప్పినా. శిక్షణ ఇచ్చేవాళ్ళు సర్టిఫికెట్ ఇస్తారు, ఫొటో దిగుతారు, కొనేవాళ్ళని మాత్రం చూపించరు. దానికి నా దగ్గర కూడా పూర్తి సమాధానం లేదు. అందుకే పది సెంట్లు అంటుండా, రెండెకరాలు కాదు. అమ్ముకోగలిగినంతే చేద్దాం.

కాబట్టి టీ అంగడి దగ్గర సంతకం పెట్టినవాళ్ళు ఉంటే, విత్తనం డబ్బు కట్టే ముందు ఆ నాలుగు ప్రశ్నలు మళ్ళీ అడగండి. కాగితం మీద రాసిస్తే నాకు చూపించండి, నేనే తప్పు పట్టినానని ఇదే పేజీలో రాస్తా.

పది సెంట్ల సంగతి మాట్లాడుకోవాలనుకునే వాళ్ళు వచ్చే ఆదివారం పొద్దున మా కళ్ళం దగ్గరికి రండి. మీ ఇంట్లో ఆడోళ్ళని కూడా తీసుకొని రండి, వాళ్ళు లేకుండా ఈ పని జరగదు. ఆ రోజు టేకు చిగురుతో ఒక స్కార్ఫు మీ ముందే ఉడకబెట్టి చూపిస్తామని మావాళ్ళు చెప్పారు. టీ ఖర్చు మాది.

నేను చెప్పిన దాంట్లో తప్పు ఉంటే కింద రాయండి, తిట్టినా పర్లేదు. నీలి ముందే వేసి అనుభవం ఉన్న కడప వైపు రైతులు ఎవరన్నా ఇది చదివితే మీ మాట కూడా చెప్పండి, మాకు ఉపయోగపడుతుంది.